చిన్న ఎస్‌ఎంపీఎస్ చాలన్న మావయ్య

మావయ్య తక్కువతో సరిపెట్టుకున్నది తృప్తి వల్లనా, భయం వల్లనా? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నాతోనే ఉంది. మొన్న పొద్దున్నే కోడూరు నుంచి అత్తయ్య ఫోను చేసి, "మీ మావయ్య వెళ్ళిపోయారమ్మా, నిద్రలోనే" అంది. ఏడుపు కంటే ముందు ఆ ప్రశ్నే వచ్చింది. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆయన మా అమ్మ తమ్ముడు. ఒకప్పుడు ఊరి రొయ్యల చెరువుల్లో సగం ఆయన కౌలులోనే ఉండేవి. రెండు వేల సంవత్సరం దాటాక, తెగులొచ్చి వరసగా పంటలు పోతే, అన్నీ వదిలేసి ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఆటల సెంటర్ పెట్టాడు. అది నిలబడకపోతే మళ్ళీ చెరువుల్లోకి దిగుతాడని అత్తయ్య భయం. బందరులో ఎంసీఏ చదువుతున్న నన్ను పిలిపించింది అందుకే.

సాయంత్రమైతే చాలు, కార్ల పందెం మంచి ఊపులో ఉండగా కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. ఆడేవాళ్ళు తిట్టుకుంటూ లేచిపోయేవారు. విప్పి చూశాను. ఆటల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించిన మనిషి, లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం రెండు వందల యాభై వాట్లదే పట్టుబట్టి తెచ్చుకున్నాడు.

"సాయంత్రం చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు వేస్తారు. వోల్టేజి పడిపోద్ది. అప్పుడు పెద్ద మోటారే ముందు కాలిపోద్ది, చిన్నది ఎలాగోలా తిరుగుద్ది. నేను చూశానమ్మాయ్" అన్నాడు.

"ఇది మోటారు కాదు మావయ్యా. నాలుగొందలది పెట్టినా నాలుగొందలూ లాగదు. ప్రాసెసరు, కార్డు, డిస్కు, ఫ్యాన్లు కలిసి ఎంత అడిగితే అంతే. ఆట మొదలైతే రెండొందల ఇరవై దాకా అడుగుతాయి. నీ డబ్బా అంచు మీద నడుస్తోంది. వోల్టేజి కూడా పడితే దాని వల్ల కాదు."

"అంచు మీదైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాం."

"మీరు పెట్టుకుంటారు. ఆ ఇనప డబ్బాకి ఒళ్ళెక్కడుందండీ?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

చివరికి ఇద్దరం గుడివాడ వెళ్ళాం. షాపులో నాలుగు వందల వాట్లది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెద్దది పెట్టాక అంతా కాలిపోతేనో?" అన్నాడు. అడిగింది షాపతన్ని కాదు, నన్ను. ఊళ్ళో అందరికంటే పెద్ద మోటార్లు తిప్పిన మనిషి అడిగిన మాట అది. కాలదన్నాను. నా గొంతులో ఉన్నంత ధైర్యం నాలో లేదు.

కాలలేదు. ఆ సాయంత్రం ట్యూబులైటు గుడ్డిగా మిణుకుతున్నా ఆట ఆగలేదు. గుమ్మంలో నిలబడి చూసిన అత్తయ్య వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. చెరువు మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఇంకో రెండు కంప్యూటర్లు పెట్టమని ఎవరన్నా, "ఉన్నది సరిగ్గా నడవనీ" అనేవాడు. రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం, "ఆఫీసోళ్ళు అడిగినంతా ఇచ్చేయబోకమ్మాయ్, నీకంటూ కొంత ఉంచుకో" అన్నాడు. ఆ మాట నన్ను చాలాసార్లు కాపాడింది. ఆయన తనకంటూ ఏం ఉంచుకున్నాడో తెలియదు. కొన్ని నెలలుగా గుండెలో నొప్పిగా ఉంటోందట. ఆసుపత్రికి వెళ్దామంటే, "ఇంత చిన్నదానికి అంత హడావిడెందుకు" అనేవాడట. అత్తయ్య ఇప్పుడు చెబుతోంది.

కొన్నేళ్ళ కిందట, ఆడేవాళ్ళు రావడం తగ్గి సెంటర్ మూసేసే ముందు, ఓ మధ్యాహ్నం వెళ్ళాను. గదిలో మావయ్య ఒక్కడే ఆడుకుంటున్నాడు. తక్కిన కార్లన్నీ పందెం ముగించి వెళ్ళిపోయాయి. ఈయన కారు మాత్రం ఖాళీ రోడ్డు మీద, సముద్రం పక్కగా, నింపాదిగా పోతోంది.

"గట్టిగా నొక్కొచ్చుగా మావయ్యా."

"ఇలాగే బాగుందమ్మాయ్" అన్నాడు, తల తిప్పకుండా.

నిజంగానే బాగుందో, ఇక ఏదీ పోగొట్టుకోలేక అలా అన్నాడో, నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.