టైలరమ్మ రన్‌వేకి వేసిన కుట్టు

విమానంతో నేలకు జిగ్‌జాగ్ కుట్టు వేసి, చివర ముడి కూడా పెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే: మా వీధి టైలరమ్మ. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. అనుమానమున్నవాళ్లు వెళ్లి లాగి చూసుకోవచ్చు.

ఫ్లయింగ్ క్లబ్బు విమానానికి సీటు కవర్లు కుట్టడానికి వెళ్లిందావిడ. కవరు సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని కూర్చుంది. అంతే, మళ్లీ దిగలేదు. దిగమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, అక్కడి శిక్షణ మాస్టారు చివరికి నడపడమే నేర్పేశారు.

గాల్లో ఆవిడకు తిరుగులేదు. చిక్కంతా కిందికి దిగాకే. చక్రాలు నేలకు ఆనాక ఆ చిన్న విమానాన్ని తిన్నగా నడిపేది కాళ్లే. ఎడమ పెడల్ నొక్కితే ఎడమకు, కుడిది నొక్కితే కుడికి. టైలరమ్మవేమో ఇరవై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు. కింద రన్‌వే టకటకమనగానే వాటికి మిషన్ గుర్తొచ్చేది. ఇక ఆవిడ మాట వింటే ఒట్టు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. విమానం తూలుకుంటూ పోయి, గడ్డిలో గిరుక్కున తిరిగి, వచ్చిన దారికేసి గుడ్లప్పగించి చూస్తూ ఆగేది. పైలట్ లైసెన్సు పరీక్షలో రెండుసార్లూ ఇదే వరస. మూడోసారీ తప్పితే క్లబ్బు గడప తొక్కనివ్వనని పరీక్షాధికారి తేల్చి చెప్పాడు.

దానికి తోడు ఇంట్లో ఇంకో తంటా. మొదటి పరీక్షకు ముందే భర్త ఉత్సాహం పట్టలేక, దుకాణం బోర్డు మీద ‘టైలర్’ పక్కన ‘పైలట్’ అని రాసేశాడు. ఆవిడ పరీక్ష తప్పినప్పట్నుంచీ ఆ ముక్క మీద లైనింగు గుడ్డ వేలాడుతోంది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ గుడ్డ ఎప్పుడు తీస్తారని ఆరా తీసేవాళ్లే.

పరీక్ష ముందురోజు ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఒక గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. భర్త టీ గ్లాసు పట్టుకుని ఆవిడ కాళ్లకేసి అదేపనిగా చూశాడు.

“ఏమేవ్, నోట్లో సూదులున్నంతసేపూ నీ కాళ్లు ఉలకవు పలకవు, గమనించావా?”

నిజమే. సూదులు పెదాల మధ్య ఉండగా మిషన్ తొక్కితే అవి గొంతులోకి పోతాయని ఆ కాళ్లకు ఎప్పుడో బుద్ధొచ్చింది. ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చి, తీరిగ్గా అంది.

“పెళ్లయ్యాక మీరన్న మొదటి పనికొచ్చే మాట ఇదేనండీ.”

మర్నాడు దిగబోయే ముందు పరీక్షాధికారి ఏదో అడిగాడు. పక్కకు తిరిగి చూస్తే ఆవిడ పెదాల మధ్య సూదులు తళతళలాడుతున్నాయి. ఆయన తన వైపు తలుపుకి అంటుకుపోయి కూర్చున్నాడు. చక్రాలు ఆనాయి, టకటకమన్నాయి. కాళ్లు మాత్రం బుద్ధిగా కూర్చుని, ఆవిడ చెప్పినప్పుడే చెప్పినంతే నొక్కాయి. సుద్దగీత మీద కత్తెర పోయినట్టు విమానం తెల్లగీత మీద పోయి ఆగింది. పరీక్షాధికారి కిందికి దిగేదాకా కూడా ఆగకుండా సంతకం పెట్టేసి, ముందు అవి తియ్యమ్మా అని బతిమాలుకున్నాడు.

సాయంత్రానికి గుడ్డ తొలగింది. ఆ వేళ నుంచి వీధి జనం నోళ్లలో విమానం వంకరలు ఇరవైకీ, సూదులు డజనుకీ పెరిగాయి. కొలతలకు వచ్చినవాళ్లు ఈ కథంతా ఆవిడకే చెబుతారు. ఆవిడ తలెత్తకుండానే విని, లెక్క దిద్దుతుంది.

“వంకరలు మూడే. ముడి పడలేదు, గడ్డిలో ఆగింది. సూదులు రెండు. బోర్డు మీద అక్షరాలు మాత్రం వంకరే, అవి మా ఆయన రాసినవి.”