బంతి లేని ప్రాక్టీసు

ఆమె పగలంతా యూనిఫాంలు కుట్టేది. సాయంత్రం నాలుగున్నర కాగానే మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి బడి మైదానానికి పరుగెత్తేది. అక్కడ తన దగ్గర నెట్‌బాల్ నేర్చుకునే పిల్లలు ఆమెకి టేపు మేడం అని పేరు పెట్టేశారు. ఆ టేపు ఉత్త అలంకారమేం కాదు. గోలు వేసే అమ్మాయికి మూడడుగుల దూరంలో నిలబడే అడ్డుకోవాలన్నది ఆట నియమం. ఆ మూడడుగులూ కొలిచి, బట్టల సుద్దతో నేల మీద గీసేది.

జట్టులో ఒక పొట్టిపిల్ల ఉంది. రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతులన్నీ దాని తల మీదుగానే పోతున్నాయని పీఈటీ సారు విసుక్కున్నాడు.

"శనివారం మ్యాచ్ దాకా చూస్తానమ్మా. తర్వాత దాని చోట పొడుగుపిల్లని దించుతాను."

టేపు మేడంకి ఒళ్లు మండింది. పాతికేళ్ల కిందట తననీ ఇదే మాటతో బెంచీ మీద కూర్చోబెట్టారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గానీ, అప్పట్లో ఆమెకి ఒక్క బుద్ధీ నేర్పినవాళ్లు లేరు.

మర్నాడు ఆమె సంచిలోంచి బంతి తీయలేదు.

"బంతి లేకుండా ప్రాక్టీసేంటి మేడం?"

"బంతి లేస్తే చాలు, నోరు తెరుచుకుని పైకి చూస్తున్నారు. ఈలోపు అవతలి పిల్ల మీ ముందుకొచ్చేస్తోంది. నేను చప్పట్లు కొడితే బంతి గాల్లో ఉన్నట్టు. రింగు వైపు తిరుగు, రెండడుగులు వెయ్, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడు. తోస్తే తప్పు. ముందు చేరిన చోటు మాత్రం నీదే."

ఐదు రోజులు చప్పట్లే. మూడో రోజు పొట్టిపిల్ల కూలబడి ఏడ్చింది.

"నా వల్ల కాదు మేడం. నేను పొడుగవ్వాలి."

"నువ్వు పొడుగయ్యేదాకా వాళ్లు ఆగుతారేంటే? లే!"

ఆమెకీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చప్పట్లు మాత్రం ఆపలేదు.

శనివారం ఆఖరి నిమిషం. టేపు మేడం పిల్లలు ఒక్క గోలు ముందున్నారు. అవతలి జట్టులోని తాటిచెట్టంత అమ్మాయి బంతి విసిరింది. మైదానంలో అందరి తలలూ పైకి లేచాయి. టేపు మేడం పొట్టిపిల్ల కాళ్లనే చూస్తోంది. ఆ కాళ్లు గిర్రున తిరిగాయి, రెండడుగులు వేశాయి, ఎడంగా పాతుకున్నాయి. తాటిచెట్టు వెనకే ఉండిపోయింది. ఠంగుమని రింగు మోగింది.

"పట్టేసిందమ్మా! చూశారా?" పీఈటీ సారు గంతేశాడు.

"నేను బంతిని చూళ్లేదు సార్."

ఆయన తల గోక్కున్నాడు. "సోమవారం ఆ పొడుగుపిల్లని కూడా మీ దగ్గరికి పంపనా?"

"పంపండి," అంది టేపు మేడం. "మా పొట్టిది నేర్పుతుంది."