తెల్ల సిమెంటుతో పూడ్చిన మూతి

నెత్తి మీద ఇసుక తట్ట ఎత్తుకుంటే ఎక్కడో ఒకచోట దించుతాం. దీన్ని ఇన్నేళ్ళూ దించలేదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ మోశాను. ఆయన పోయాక ఇంకా బరువైంది. నాకు రాయడం రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల తీసుకునే ముందు పాస్టరయ్యగారు కళ్ళు మూసుకుని మనసులో ఒప్పుకొమ్మంటారు. మనసులో ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. అది ఎవరికి వినబడింది? అందుకే ఈ కాగితం చదివే నీకు చెబుతున్నాను.

మాది చొప్పదండి. మా ఆయన పైపుల మేస్త్రీ. నేను ఆయన వెంట పనికి పోయేదాన్ని. గోడ పగలగొట్టడం ఆయనది. మళ్ళీ పూడ్చి, లప్పం పెట్టి, పాత రంగులో కలిసేలా రంగు వేయడం నాది. నా చెయ్యి పడ్డాక ఎక్కడ పగిలిందో కనిపించేది కాదు. అదే నా గర్వం.

కరీంనగర్‌లో బట్టల దుకాణం సేటు ఇల్లు. కొత్త ఇల్లు, రంగులు కూడా అయిపోయాయి. అప్పుడు హాల్లో చేపల తొట్టి కావాలన్నారు. మోటారు చప్పుడు వినపడొద్దు, పైపు కంటికి కనపడొద్దు. అంటే మోటారు గోడ అవతల, గిన్నెలు కడిగే చోట పెట్టాలి, పైపులు గోడలోంచి పోవాలి. ఆయన గోడకు ఒకే బొక్క వేసి ముందు ఒక లావు పైపు దూర్చాడు. దాంట్లోంచి రెండు సన్న పైపులు తీశాడు. నీళ్ళు వెనక్కే జారేలా లావు పైపుకు వాటం ఇచ్చాడు, రసమట్టం పెట్టి చూసి, మళ్ళీ చూసి. వెనకవైపు దాని మూతి తెరిచి ఉంచాడు. అతుకన్నాక ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, కారితే గోడలో దాగకుండా ఇటు వచ్చి కనబడాలి, ఈ మూతి మాత్రం ముట్టుకోకు అన్నాడు. నేను విన్నాను. వినలేదని చెప్పడానికి లేదు.

ఆయన ఏదో సామానుకు బజారు పోయాడు. ఇంటి బీబీ, సేటు భార్య, వచ్చి హాలు గోడంతా చేత్తో తడిమి మెచ్చుకుంది. తర్వాత వెనక్కి వచ్చి ఆ మూతి చూసింది.

"అంత సాఫ్‌గ చేసి గీ ఎలుక బొక్క ఎందుకిడిచినవ్ అక్కా?"

మా ఆయన చెప్పింది చెప్పొచ్చు. చెప్పలేదు. నా పనిలో మచ్చ చూపించినట్టనిపించింది. తెల్ల సిమెంటు కలిపి మూతి పూడ్చాను, రంగు వేశాను, మోటారు పెట్టెను దానికి అడ్డంగా జరిపాను. ఆయన వచ్చి సామాను సర్దుకున్నాడు.

వానలు పోయి చలి మొదలయ్యాక పిలుపొచ్చింది. హాలు గోడ ఉబ్బింది. రంగు బుడగలు బుడగలుగా లేచింది. ఆయన తొట్టి ఖాళీ చేస్తుంటే, మోటారు ఆపి వస్తానని నేను వెనక్కి పోయాను. మోటారు కోసమేనా పోయింది? పెట్టె పక్కకు జరిపి పానాతో ఆ తెల్ల సిమెంటును పొడిచాను. లోపల ఆగిన నీళ్ళు బుస్సున వచ్చి కాళ్ళ మీద పడ్డాయి. మోరీలోకి ఊడ్చేశాను. పెచ్చులు కొంగులో ముడేసుకున్నాను. ఆ చోటు ఎప్పుడూ తడే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. వచ్చి గొంతుకూర్చుని చూశాడు.

"మూతి తెరిచే ఉన్నది. మరి నీళ్లు ఇటెందుకు రాలేదే? నువ్వేమన్న ముట్టుకున్నవా?"

"లే. నేను ముట్టుకోలే."

"గట్లయితె నా వాటమే తప్పింది."

రసమట్టం పెట్టి చూస్తే నిజం తెలిసేది. సేటు చూడనివ్వలేదు. "తొట్టిల పెంచుమంటె గోడల పెంచుతున్నవా మేస్త్రీ చేపలు? ఇగ నా గోడకు చెయ్యి వెట్టకు" అని వేరే మనిషిని పిలిపించాడు. నేను పక్కనే కొంగు పట్టుకుని నిలబడ్డాను. ముడి విప్పితే చాలు. ఎందుకు విప్పలేదు? సేటుకు భయపడి కాదు. మా ఆయన నన్ను చూసే చూపు మారుతుందని.

మారింది ఆయనే. మళ్ళీ గోడ లోపలి పని ఒప్పుకోలేదు, పైకి కనిపించే పైపులే వేశాడు. తోటి మేస్త్రీలు చేపల మేస్త్రీ అని నవ్వేవాళ్ళు. చూపు పోతుందేమోనని కంటి డాక్టరు దగ్గరికి పోయాడు, బాగుందంటే నమ్మలేదు. ఎవరింట్లో పని చేసినా చెంబుతో నీళ్ళు పోసి, ఎటు పోతున్నాయో చూడమని నన్ను అడిగేవాడు. సరిగ్గానే పోతున్నాయి అనేదాన్ని. అది నిజమే. అయినా అంతకు ముందు చెప్పాల్సింది చెప్పకుండా ఆ మాట ఒక్కటే చెప్పడం అబద్ధం కాదా?

శ్రీరాంపూర్‌లో పనికి పోయినచోటే ఆయన గుండె ఆగిపోయింది. చెప్పే వేళ దొరకలేదని అనుకుంటుంటాను. దొరికితే చెప్పేదాన్నా? తెలియదు.

సమాధికి సిమెంటు వేయించాం. ఆరాక ఒక్కదాన్నే పోయి చెంబెడు నీళ్ళు పోసి చూశాను. కాళ్ళ దిక్కు మెల్లగా జారిపోయాయి. అక్కడన్నా చెబుదామని నోరు తెరిచాను. పక్క సమాధి దగ్గర ఎవరో దండ వేస్తున్నారు. లేచి వచ్చేశాను.

మా చెల్లెలి బిడ్డ రాయడం ఆపి నా మొహం చూస్తోంది. చూడనీ. రాయి బిడ్డా అన్నాను. మీ పెద్దబాపు చెయ్యి తప్పలేదు. వాటం సరిగ్గానే పెట్టాడు. మూతి మూసింది నేను.