ఖానాపూర్ కాజాలు

నేను చదివింది ఐదో తరగతి వరకే. రాయడం ఇదే మొదటిసారి. అక్షరం తప్పినా, మాట వంకరపోయినా ఏమనుకోకండి.

పొద్దున ఇస్త్రీ పెట్టె కింద కొత్త బట్ట గంజి వాసన లేచింది. లచ్చక్క గుర్తొచ్చింది. కరీంనగర్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో ఆమె మాకు పెద్ద. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకొనే అందరినీ తిట్టేది.

ఖానాపూర్‌లో నాకు మంచి టైలర్‌నని పేరుండేది. మా ఆయన నడుముకు దెబ్బ తగిలి పని మానేశాక కరీంనగర్ వచ్చాం. ఇంటికి నా కష్టమే ఆధారం. పక్క మిషన్ల వాళ్లు రోజుకు ఎనిమిది చొక్కాలు కుడుతుంటే నావి మూడు దాటేవి కావు. "శనివారం దాకా చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే ఇంకో పని చూసుకో" అన్నాడు షెడ్డు నడిపే సేటు. నా చేతులు మొద్దుబారిపోయాయనుకొని లోలోపలే కుమిలిపోయాను.

గురువారం లచ్చక్క వచ్చి నా పక్కన కూర్చుంది. నా పనే చూడసాగింది. నేను చొక్కాకు కాలర్ వేసి, చేతులు అతికి, సూదిలో దారం ఎక్కించి గుండీలు పట్టే కాజాలు మొదలుపెట్టాను.

"గదేందే, కాజాలు చేత్తోని కుడుతున్నవ్?"

"మరెట్ల కుట్టాలె అక్కా?"

"సందు చివర్ల కాజా మిషనాయన ఉన్నడు గద! అందరం గాయనకే పంపుతం. నువ్వు చూడలే?"

"కాజాలు లేకుండనే మూట కడుతుంటే, మీరంత పని ఎగ్గొడుతున్నరనుకున్న."

"ఓ యవ్వో! మేమంత దొంగలం, నువ్వొక్కదానివే సత్తెవంతురాలివి!"

షెడ్డంతా నవ్వింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. "మా దిక్కు కాజా మిషన్ కావాలంటే నిర్మల్ బస్సెక్కాలె అక్కా" అన్నాను మెల్లగా.

లచ్చక్క నవ్వు ఆగిపోయింది. "నీ చేతులకు ఏం కాలే చెల్లె. మీ ఊర్ల నలుగురి పని నువ్వొక్కదానివే చేసినవ్. గీడ నలుగురున్నరు. జర వాళ్లను గూడ చెయ్యనియ్యి." అక్కడి నుంచే సేటుకు వినబడేలా అరిచింది: "సేటూ, గీమెనేమనకు. చెప్పకపోవుడు మన తప్పు!"

శనివారం నావి ఏడు చొక్కాలయ్యాయి. "సోమారం జల్ది రా" అని సేటు వెళ్లిపోయాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఎన్నాళ్లకో ఆ రోజు కడుపులో ఆకలి తెలిసింది.

లచ్చక్క మానేశాక ఆ పెద్దరికం నాకిచ్చారు. మొన్న చెన్నూరు నుంచి కొత్తగా పనికి వచ్చినామె, "నా చేతులు పనికిరావక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏడువకు. మీ ఊర్ల పని ఎట్ల చేస్తరో ముందుగాల నాకు చూపియ్యి" అన్నాను.

నాకు రాయడం వచ్చింది ఇంతే. తప్పులుంటే మీ ఇంటి ఆడబిడ్డ రాసిందనుకొని మన్నించండి.