అయిందా, పోయిందా

షార్జా ఊరి బయట సజ్జాలో మా రాళ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌కు నేను ముసలమ్మ అని పేరు పెట్టాను. పొద్దున బటన్ నొక్కితే రెండుసార్లు మూలిగేది, ఒకసారి ఆరిపోయేది, తర్వాత బుద్ధి పుడితే లేచేది. ఎంత తుడిచినా దాని ఒళ్లంతా రాతిపొడే. అయినా దాన్ని తిట్టడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. పక్క షెడ్డులో గ్రానైటు, పాలరాయి కోసే పెద్ద మిషను దాని మాట ఒక్కటే వినేది. నేను గీసిన డ్రాయింగును అందులోని కటింగ్ సాఫ్ట్‌వేర్ మిషను భాషలోకి మార్చి పంపాలి. సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆ మిషను ఉత్త ఇనుము.

ఆ మిషను నడిపేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన. వయసు యాభై దాటింది. నాది అమలాపురం దగ్గర పల్లె. ఫ్యాక్టరీ మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. నేను మాట్లాడుతుంటే సినిమా చూసినట్టుందని నవ్వేవాడు. ఆయన మాట నాకు అర్థం కావడానికి మొదటి నెలంతా పట్టింది.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ముసలమ్మ రోజుకు నాలుగుసార్లు ఆగిపోవడం మొదలుపెట్టింది. మదర్‌బోర్డు పాడైందని, అది మార్చక తప్పదని తేలింది. చిక్కంతా అక్కడే. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంది. బోర్డు తీసేముందు దాని మీదే ప్రోగ్రాం తెరిచి రిలీజ్ అనే బటన్ నొక్కాలి. అప్పుడే లైసెన్స్ విడుదలై కొత్త బోర్డు మీదికి వస్తుంది. నొక్కకుండా పీకేస్తే పాత బోర్డుతో పాటే పోతుంది. ఇంకోటి ఇప్పించడానికి డీలరు కూడా లేడు, కరోనాలోనే దుకాణం మూసేసి వాళ్ల దేశం వెళ్లిపోయాడు.

మా మేనేజరును అందరూ ముదీర్ అనే పిలిచేవాళ్లు. కొత్త బోర్డుకు ఒప్పుకున్నాడు గానీ నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. "సాఫ్ట్‌వేర్ పోతే మళ్లీ కొనను. ఆ మిషను మూసేస్తాను. మిషను లేనప్పుడు ఆపరేటరు ఎందుకు?" గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. ఆయన ముందు అన్న వీసా ఫైలు తెరిచి ఉంది. గడువు ఆ నెలాఖరు.

అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఒక తెల్ల కాగితం మీద వరసగా రాసి కంప్యూటర్‌కు అంటించాను. డ్రాయింగులన్నీ కాపీ తీయాలి, లైసెన్స్ నంబరు ఫోటో తీయాలి, పాత హార్డ్ డిస్కు నా సొరుగులో పెట్టాలి, రిలీజ్ నొక్కేదాకా బోర్డును ఎవరూ ముట్టుకోకూడదు. ఆఖరి వాక్యం కింద రెండు గీతలు గీశాను. అంతకుముందు ఒకసారి దుమ్ము ఊదడానికి డబ్బా విప్పినప్పుడు అన్న రాతి పలకల మీద గుర్తులు పెట్టే ఎర్ర సుద్ద తెచ్చి బోర్డు మూల ఒక గీత గీశాడు. ఎందుకన్నా అంటే, "దుకాణపోళ్లు మార్చి ఇస్తరు చెల్లె. మా ఊర్ల గొర్లకు గిట్లనే రంగు పెడ్తం" అన్నాడు. ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాను.

రిలీజ్ నొక్కితే మిషను ఆగిపోతుంది కాబట్టి, బోర్డు తీసే ముందే నొక్కాలని కంప్యూటర్ మెకానిక్‌కూ చెప్పి ఉంచాను. మధ్యాహ్నం వస్తానన్న మెకానిక్ పొద్దున్నే వచ్చాడు. సరిగ్గా ఆ పొద్దున నేను నా వీసా మెడికల్ కోసం లైనులో నిలబడి ఉన్నాను. అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, కంప్యూటరాయన అచ్చిండు. డబ్బా ఇప్పుతున్నడు."

"ఆపన్నా, ఆపు! ముందు లైసెన్స్ సంగతేంటో అడుగు."

అన్న అటు తిరిగి అడగడం నాకు వినబడింది. "భాయ్, లైసెన్స్ కా క్యా హువా?" వెనకాల నుంచి తాపీగా జవాబొచ్చింది. "లైసెన్స్? ఖలాస్."

"ఖలాస్ అంటున్నడు చెల్లె."

"హమ్మయ్య. అయితే కానిమ్మను."

ఆ దేశంలో పని పూర్తయితే ఖలాస్. డబ్బాలో బియ్యం నిండుకున్నా ఖలాస్. మనిషి పోయినా ఖలాసే. అన్నేళ్లు అక్కడే ఉండి, రోజుకు యాభైసార్లు ఆ మాట వాడి, ఆ ఒక్కరోజు అది ఏ ఖలాసో అడగాలని నాకు తోచలేదు. లైనులో ముందుకు జరుగుతూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేసరికి, కాగితంలో రాసినట్టే అన్న పాత డిస్కును నా సొరుగులో పెట్టి ఉంచాడు. కొత్త బోర్డు, కొత్త డిస్కు మీద కంప్యూటర్ చకచకా లేచింది. కటింగ్ ప్రోగ్రాం తెరిచాను. ఈ లైసెన్స్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది అని వచ్చింది. మూసి మళ్లీ తెరిచాను. అదే మాట. మెకానిక్‌కు ఫోన్ చేస్తే వాడు అమాయకంగా చెప్పాడు. ప్రోగ్రాంలో గడువు ముగిసింది అని ఎర్ర అక్షరాలు చూశాడట. అది డీలరుకు ఏటేటా కట్టే సర్వీసు గడువు. వాడు లైసెన్సే చచ్చిపోయిందనుకున్నాడు. చచ్చినదాన్ని రిలీజ్ చేసేదేముందని బోర్డు పీకి, పాతది బదులుగా తీసుకుపోయాడు. "ఖలాస్ హోగయా థా మేడం, మైనే బోలా నా" అన్నాడు. వాణ్ని తిట్టి లాభం లేదు. వాడు అనుకున్నదే చెప్పాడు, తప్పుగా విన్నది నేను.

షెడ్డులోకి వెళ్లి అన్నకు చెప్పాను. ఆయన మిషను ఆపేశాడు. తర్వాత నన్నే ఓదార్చాడు. "గిప్పటిసంది ఉట్టి ఖలాస్ అనద్దు చెల్లె. అయిందా, పోయిందా, గది చెప్పాలె" అన్నాడు. అదే మా ఇద్దరి కట్టుబాటు అయింది.

పాత బోర్డులన్నీ గోడౌనులో పడేశామని, సెలవురోజున వచ్చి వెతుక్కోమని మెకానిక్ అన్నాడు. సెలవుకు ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులు మిషను ఆగిపోయింది. ఆ శబ్దానికి అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం భరించరానిదిగా ఉండేది. ముదీర్ రోజుకు రెండుసార్లు షెడ్డు దాకా వచ్చి, ఆగిన మిషనును చూసి, గడియారం చూసుకుని వెళ్లేవాడు. తిట్టినా బాగుండు అనిపించేది.

ఒక భయం మొదలైతే పది భయాలు తోడొస్తాయి. లైసెన్స్ పోయినట్టే ఇంకేం పోతాయో అని నేను అన్న దగ్గర కూర్చున్నాను. ఏ రాయికి బ్లేడు ఎంత వేగం, నీళ్లు ఎంత, ఎక్కడ నెమ్మదించాలి, ఇవి ఏ కంప్యూటర్‌లోనూ లేవు, ఆయన తలలోనే ఉన్నాయి. ఒక్కొక్కటే అడిగి కంప్యూటర్‌లో పట్టికగా కొట్టాను. ఆయన సంబరంగా చెప్పాడు. "నల్లరాయి మొదలు గట్టిగ మొత్తుకుంటది, భయపడద్దు. సప్పుడు సన్నగైతె అప్పుడు భయపడాలె. గది గూడ రాసుకో. నేను లేకున్నా మిషిను నడవాలె." ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. అయినా టైపు చేస్తూనే ఉన్నాను.

సెలవురోజున ఇద్దరం షార్జా వెళ్లాం. గోడౌనులో బోర్డులు కుప్పలుగా పోసి ఉన్నాయి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గంటన్నర వెతికాక, అడుగున ఒకదాని మూల ఎర్ర గీత కనిపించింది. అన్న దాన్ని రెండు చేతులా ఎత్తి, "మన గొర్రె దొరికింది" అన్నాడు. అక్కడి మెకానిక్ బల్ల మీదే నా సొరుగులోని పాత హార్డ్ డిస్కు దానికి తగిలించాం. ముసలమ్మ మూడోసారికి లేచింది. రిలీజ్ నొక్కాను. మర్నాడు కొత్త బోర్డు మీద లైసెన్స్ ఎక్కింది, మిషను కదిలింది. నేను ఆఫీసులోనే కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం ముదీర్ వచ్చాడు. "అన్నీ సిస్టంలో ఉన్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఆపరేటరు నంబర్లు కూడా?" అవి ఆయనకెలా తెలుసని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ మూడు రోజుల భయం తర్వాత వచ్చిన గర్వం నన్ను ఆలోచించనివ్వలేదు. ఒక్క అంకె కూడా పోలేదు సార్ అన్నాను. ప్రింటు అడిగితే రంగుల్లో తీసి ఇచ్చాను.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు నేనే ఆయన గదికి వెళ్లి, అన్న వీసా రెన్యువల్ ఏమైందని అడిగాను. తల ఎత్తకుండా "ఖలాస్" అన్నాడు.

ఏ ఖలాస్ అని అడగక్కర్లేకపోయింది. బల్ల మీద అన్న ఫోటో అంటించిన క్యాన్సిలేషన్ కాగితం ఉంది. దాని పక్కనే నా పట్టిక. పట్టిక పైన పక్క మిషను ఆపరేటరు పేరు పెన్నుతో రాసి ఉంది. ఇక రెండు మిషన్లూ అతనే చూసుకుంటాడన్నమాట. పాత బోర్డు నుంచి లైసెన్స్‌ను విడిపించినట్టే, అన్న పనిని అన్న నుంచి విడిపించి కంప్యూటర్‌లో పెట్టింది నేను. ఆయన కూర్చున్న కొమ్మను నా చేతులతో నేనే నరికాను. ఆ మాట ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

షెడ్డులో మిషను నల్లరాయి కోస్తోంది. అన్న నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమన్నడు?"

"ఖలాస్ అన్నాడు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అయిందా చెల్లె, పోయిందా?"

"పోయిందన్నా."

ఆయన వెనక్కి తిరిగి రాయి వైపు చూశాడు. ఇంకా సగం కోయాల్సి ఉంది. "గిది కానీ. అయినంక మాట్లాడుకుందం" అని మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.