మూడు వేళ్ల అడుగులు

పొద్దున వాకిలి ఊడ్చేముందు వంగి మట్టిలో ఏం చూస్తావు నాయనమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు కదా బిడ్డా. ఏదో పడిపోయింది, వెతుకుతున్నానని చెప్పాను. ఏమీ పడిపోలేదు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్న ఏడాది నుంచి ఒక బరువు మోస్తున్నాను. మీ తాతకు కూడా చెప్పలేదు, ఆయన పోయాడు. ఫోన్లో నోరు రాక ఇలా రాస్తున్నాను. మీరు పుణెలో ఉన్నారు కాబట్టే రాయగలుగుతున్నానేమో. ఎదురుగా ఉంటే నీ మొహం చూడలేను.

అప్పుడు మనకు ముప్పై మేకలుండేవి. ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే దారిలో, మన ఊరి వెనక గుట్ట. నిండా కలివి పొదలు, తంగేడు, రేగుకంపలు. మేకలకు అదే తిండి, మాకు మేకలే తిండి. ఆ ఎండాకాలం పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. కలివికోడి అనే పిట్టను వెతుకుతున్నానన్నాడు. అది నేల మీదే బతుకుతుందట. పగలంతా పొద కింద దాక్కుంటుందట. ఎప్పుడో కడప వైపు అడవుల్లో కనబడిందట, ఇంకా ఎక్కడైనా మిగిలిందో లేదో ఎవరికీ తెలియదట. ఇక్కడా అలాంటి పొదలే ఉన్నాయని ఆయన ఆశ.

పిట్ట కంటపడదు కాబట్టి అడుగులు పట్టాలి. పొదల మధ్య పట్టీలుగా సన్నమట్టి పరిచాడు. సాయంత్రం ఆ మట్టిని నున్నగా చదును చేయడం నా పని. పొద్దున ఆయన వచ్చి ఏ జీవి నడిచిందో చూసుకునేవాడు. మన కోడికి వెనక ఒక వేలుంటుంది కదా, దీనికి ఉండదు, ముందు మూడే అని కాగితం మీద గీసి చూపించాడు. "నీ చెయ్యి పడితే అద్దమే అవ్వా" అనేవాడు. పుట్టినప్పటి నుంచి ఊడుస్తూనే ఉన్నాను, ఊడ్చినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే.

ఇంతలో ఊళ్లో మాట పుట్టింది. పిట్ట ఉందని తేలితే గుట్టకు కంచె వేస్తారని, మేకలను రానివ్వరని. మీ తాత నవ్వుతూనే అన్నాడు: "అడుగు దొరికిందనుకో, ఇగ నీ మేకలను నెత్తి మీద మేపుకో." నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం లోపల కూర్చుంది.

ఒక పొద్దున సారు కంటే ముందు నేను గుట్ట ఎక్కాను. పెద్ద కలివి పొద పక్కనున్న పట్టీ మీద అడుగులు. మూడు వేళ్లు. వెనక వేలు లేదు. వాటి పక్కనే చింతగింజంత చిన్న అడుగులు. ఒకచోట ఆ చిన్నవి ఆగిపోయి, మళ్లీ గబగబా పెద్దవాటి వెంట పోయాయి. పిల్ల వెనకబడి తల్లిని అందుకున్నట్టు.

నా వెనక మేకలు అరుస్తున్నాయి. తంగేడు కొమ్మ విరిచాను. ఊడ్చేశాను.

భయంతో చేశానా? భయమైతే గబగబా చెరిపి పారిపోవాలి కదా. పారిపోలేదు. రోజూ వాకిలి ఊడ్చినట్టే, మూలలు కూడా వదలకుండా ఊడ్చాను. పిల్లలను కన్నదాన్ని, ఆ చిన్న అడుగులు పిల్లవని తెలిసీ చెరపడానికి నా చెయ్యి ఎలా ఆడిందో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

సారు వచ్చి పట్టీ దగ్గర కూర్చున్నాడు.

"ఇయ్యాల గూడ ఏం లేవా అవ్వా?"

"లేవు సారు. గాలి మస్తు కొట్టింది."

ఆయన మట్టిని చూశాడు. నా చేతిలో కొమ్మను చూశాడు.

"గాలికి ఇంత నున్నగయిందా? గాలి గూడ నీ దగ్గరనే నేర్చుకున్నట్టుందవ్వా" అని నవ్వాడు.

నేను మేకలను అదిలిస్తూ అటు తిరిగాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తెలిసే నవ్వాడా? తెలిస్తే ఎందుకు తిట్టలేదు? ఆ అడుగులు మళ్లీ పడలేదు. వానలు మొదలవకముందే, ఇక్కడ లేదని తేల్చుకుని, అందరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు.

రెండేళ్లకు గుట్ట, దాని కింద పొలాలు అమ్ముడుపోయాయి. జేసీబీలు వచ్చి పొదలన్నీ పెకిలించి గుట్టను చదును చేశాయి. కంచె కూడా వచ్చింది, ప్లాట్లకు. మేకలను అమ్మేశాం. మొన్న సెలవుల్లో మీరు సైకిళ్లు తొక్కిన ఆ సాఫు నేల ఉంది చూడు, అదే. మీరు నవ్వుతూ తిరుగుతుంటే నేను గేటు బయటే నిలబడ్డాను. ఎండ అన్నాను. ఎండ కాదు.

నేను నిజం చెప్పి ఉంటే గుట్ట మిగిలేదా? ఏమో. తీతువు అడుగు కూడా దాదాపు అట్లాగే ఉంటుందని ఒకసారి సారే అన్నాడు. తీతువే అయి ఉంటుందిలే అనుకుని కొన్ని రోజులు నిద్రపోతాను. మళ్లీ ఆ చిన్న అడుగులు గుర్తొస్తాయి. అందుకే వాకిట్లో మట్టి చూస్తాను. పిచ్చుకలవి ఉంటాయి, పిల్లివి ఉంటాయి. చూసినాకే చీపురు పెడతాను.

నువ్వు నన్ను ఓదార్చొద్దు బిడ్డా. తప్పు నీ దగ్గర చేయలేదు, మాఫీ నిన్ను అడగను. చెప్పుకున్నాను. ఛాతీలో జర జాగా అయినట్టుంది, అంతే. కానీ చూసిన కళ్లు నావే, చెరిపిన చెయ్యీ నాదే. ఇంక ఎవరినని అడగను, ఆ పొద్దున ఆ మట్టి మీద పిల్లను వెంటేసుకుని పోయింది ఎవరని?