బాల్కనీలో వెల్లుల్లి

మార్కెట్లో ఆమెను అందరూ జడలక్క అనేవారు. నిజానికి ఆమె తలమీది జడ పట్టుమని బెత్తెడు కూడా ఉండదు. పేరు తెచ్చిపెట్టింది వెల్లుల్లి. మెత్తటి కాడలున్న గడ్డల్ని ఒళ్లో పోసుకుని ఆమె జడ అల్లుతుంటే దారిన పోయేవాళ్లు కూడా పని మరిచి నిలబడిపోయేవాళ్లు. వెల్లుల్లి వ్యాపారి గోదాములో మంచివీ పుచ్చువీ వేరుచేసే పనికి చేరి, చేరిన కొన్నాళ్లకే దాని పిచ్చిలో పడిపోయింది. ఎవరైనా కదిపితే చాలు, "ఇదేమో తొందర మనిషి, అదేమో ఓర్పు మనిషి" అంటూ గడ్డల్ని చుట్టాల్లా పరిచయం చేసేది.

"నీకు జీతమిచ్చేది ఏరడానికమ్మా, సంబంధాలు కుదర్చడానికి కాదు" అని వ్యాపారి విసుక్కునేవాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త పెద్దది.

ఆ ఏడు కొత్త పంట పొలాల నుంచి కాడలతో సహా వచ్చి గోదాము నిండా దిగింది. పైపొర కాగితంలా గలగలమనేదాకా నీడలో ఆరాలి. సగం ఆరిందో లేదో, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. పైకప్పు రేకులు రెండు మూడు పటపటా కొట్టుకుని ఎగిరి వీధిలో పడ్డాయి. వాటి వెనకే వాన. కూలీలు దొరికిన గడ్డను దొరికినట్టు ఒక మూలకు విసిరేశారు. వాన వెలిసేసరికి మూడు రకాల వెల్లుల్లీ కలిసిపోయి, పైన తడి, కింద బురద.

వ్యాపారి తల పట్టుకున్నాడు. "పట్టా కప్పండ్రా! మిగతాది ఎదురుగా చేపలాయన ఐసు గదిలో పెట్టండి!"

"పట్టా కప్పితే ఉక్కకి కుళ్లిపోతుందయ్యగారూ. ఐసు గదిలో పెడితే మరీ ఘోరం. ఆ చలికి ఉలిక్కిపడి లేస్తుంది. బయటికి తీశామా, పచ్చటి మొలక తోసేస్తుంది."

"అయితే నా నెత్తిన పెట్టుకోనా?"

"నీడ కావాలి, గాలి కావాలి, నేల పొడిగా ఉండాలి" అంటూ ఆమె వీధంతా కలియజూసింది. చూపు మలుపులో ఉన్న పాత సినిమా హాలు మీద ఆగింది. ఆట ఆగిపోయి చాలాకాలమైంది. గోడల నిండా ఇనప రెక్కల ఫ్యాన్లు, ఎత్తయిన కప్పు, ఎండ పొడ తగలని చీకటి! జడలక్క ఇక ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగందుకుంది.

హాలు తాళాలు ఆమె భర్త అన్నగారి దగ్గర ఉండేవి. ఒకప్పుడు టికెట్లు చింపిన గుమ్మం దగ్గరే ఆయన ఇప్పుడు కాపలా కూర్చునేవాడు. సంగతి విని కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"సీట్లకి వాసన పడుతుందేమోనమ్మా?"

"సినిమా ఎలాగూ రావట్లేదు బావగారూ, వాసనైనా రానివ్వండి!"

ఆయన పకపకా నవ్వి, హాలు యజమానికి ఫోను కలిపి సరేననిపించుకుని తాళం తీశాడు. ఫ్యాన్లు ముందు మూలిగాయి, దుమ్ము కక్కాయి, ఆ తర్వాత హోరుమని తిరిగాయి. ఆ హోరు వినగానే ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది.

తోపుడు బళ్ల మీద సరుకంతా వచ్చింది. జడలక్క గుమ్మంలో నిలబడి ఒక్కొక్క గడ్డ మెడ పట్టి నొక్కుతూ రకాలు విడదీసింది. మధ్యలో పుల్లలా గట్టి కాడ తగిలితే ముందు వరుసల సీట్లకు. "వీటికి కాడ చుట్టూ ఒకటే వరుస, లావుపాటి రెబ్బలు. పొట్టు ఇలా అంటే అలా ఊడొస్తుంది, ఘాటు నషాళానికి అంటుతుంది. కానీ నిలవ ఉండవు, ముందు వీటినే అమ్మెయ్యాలి." కాడ మెత్తగా వంగితే బాల్కనీకి. "వీటిలో పొర మీద పొర, లోపలికి పోయేకొద్దీ సన్నరెబ్బలు. ఒలవడానికి గోళ్లు అరుగుతాయి గానీ, ఆరితే మళ్లీ పంట వచ్చేదాకా చెక్కుచెదరవు."

పిడికిలంత గడ్డలు వ్యాపారికి మహా ఇష్టం. వాటిని చూపించి, "వీటిని ముందు కాపాడు" అన్నాడు.

"ఇవి పేరుకే వెల్లుల్లండీ. ఉల్లికి దగ్గర చుట్టాలు. ఒళ్లే గానీ ఘాటు లేదు. కాల్చుకు తినేవాళ్లకి బాగుంటాయి" అని వాటిని నడవ పక్కన పరిపించింది. వ్యాపారి మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, మాట కాదనలేదు.

తెల్లారి ఆమె వచ్చేసరికి బావగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "నేను చెప్పలేదూ? ఒకటే వాసన!"

ఆమె మొహంలో రంగు మారింది. "నలగని గడ్డకి వాసన ఉండదు బావగారూ. దెబ్బ తగిలి లోపల చితికితేనే ఘాటు బయటికొస్తుంది. ఎక్కడో దెబ్బతిన్నవి చేరాయి."

ఇక వేట మొదలైంది. ఫ్యాన్లు ఆపించి, ముక్కు ఎగబీలుస్తూ వరుస వెంట వరుస తిరిగింది. ముందు వరుసల్లో లేదు. నడవలో లేదు. మెట్లెక్కుతుంటే వాసన చిక్కబడింది. బాల్కనీ చివర, గోడ వారన ఎవరో బస్తాలు బస్తాలుగానే పడేసి పోయారు. అడుగున గడ్డలు నలిగి, వేడెక్కి, చేయి పెడితే జిగటగా తగిలాయి. అక్కడ గాలి ఆడడమే లేదు.

"తప్పు నాదే" అంది ఆమె. "పైన వెచ్చగా ఉంటుంది కదా, త్వరగా ఆరుతుందనుకున్నాను. వెచ్చదనం ఒక్కటీ చాలదు, గాలి కూడా తగలాలి."

చితికినవన్నీ తీసి, ఆ రోజే వాడుకుంటామన్న హోటళ్లకు పంపించారు. మంచివాటిని ఏం చేయాలి? ఆమె బాల్కనీ అంచున ఉన్న ఇనప కమ్మీ వైపు చూసింది. ఫ్యాన్లు మళ్లీ వేయించి చూస్తే, కింది గాలంతా తిన్నగా దాని మీదికే కొడుతోంది. చతికిలబడి అల్లడం మొదలుపెట్టింది. మూడు కాడలు, వాటిలోకి మరో కాడ, మళ్లీ మరొకటి. కూలి ఆడవాళ్లూ వచ్చి చేరారు. ఒకామె గట్టి కాడ రకాన్ని తెచ్చి అల్లబోతే అది పుటుక్కుమని విరిగింది.

"దాని మెడ వంగదే తల్లీ, మా అత్తగారి లాగా" అంది జడలక్క. బాల్కనీ అంతా నవ్వులే నవ్వులు. సాయంత్రానికి కమ్మీ పొడవునా తెల్లటి జడలు వేలాడుతూ గాలికి ఊగాయి. బావగారు పాత సామాన్లలో వెతికి హౌస్‌ఫుల్ బోర్డు తెచ్చి గుమ్మానికి తగిలించాడు.

ఆ బోర్డు చూసి జనం లోపలికి తొంగిచూడసాగారు. వాళ్ల వెనకే కొనేవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లందరినీ జడలక్క నడవలో నడిపించింది. "ఎన్నాళ్లు వాడతారు?" అని ముందే అడిగేది. రేపటికే కావాలన్నవాళ్లకు ముందు వరుసలు, ఏడాదంతా ఉంచుకుంటామన్నవాళ్లకు బాల్కనీ. "గడ్డ చేతిలో బరువుగా ఉండాలి, నొక్కితే గట్టిగా ఉండాలి. ఇంటికి వెళ్లాక డబ్బాలో పెట్టి మూత బిగించకండి, దానికీ ఊపిరాడాలి."

ఒక హోటలు వంటమనిషి నమ్మకం కుదరక, "అన్నీ ఒకటే కదమ్మా" అన్నాడు. ఆమె గట్టి కాడ రెబ్బ ఒకటి ఒలిచి చేతిలో పెట్టింది. ఆయన ధీమాగా కొరికాడు. మరుక్షణం కళ్ల వెంట బొటబొటా నీళ్లు. పక్కనున్నవాళ్లు మాకూ మాకూ అంటూ చేతులు చాచారు. కాసేపట్లో ముందు వరుసంతా కళ్లొత్తుకోవడమే!

"ఈ హాల్లో జనం ఇంతలా ఏడిచి ఎన్నేళ్లయిందో!" అని బావగారు మురిసిపోయాడు.

ఆ పంట అయ్యేలోపే వ్యాపారి హాలును ఏటేటా వెల్లుల్లికే మాట్లాడుకున్నాడు. ఆమెను పిలిచి, "ఇకమీదట ఏరే పని వద్దు. ఏ రకం కొనాలో, ఎక్కడ ఆరబెట్టాలో, ఎప్పుడు అమ్మాలో నువ్వే చెప్పు" అన్నాడు. ఆమె ఏరుతున్న గంపను పక్కకి నెట్టింది. సరేనని తల ఊపింది.

మర్నాడు రైతుల బళ్లు గుమ్మం ముందు ఆగాయి. ఒక రైతు తువ్వాలు విప్పి, ఊదారంగు చారలున్న చిన్నచిన్న గడ్డలు చూపించాడు. అలాంటివి ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక గడ్డను మెడ పట్టి మెల్లగా నొక్కింది, చెవి దగ్గర పెట్టి పొర గలగలలాడించింది.

"బావగారూ, ఇలా రండి!" అని హాలు దద్దరిల్లేలా కేకేసింది. "కొత్త రకం వచ్చింది!"